అప్‌డేట్: ఇగ్బోల చుక్వు, క్రైస్తవుల దేవుడు ఒకరేనా?

నైజీరియాలోని ఇగ్బో జాతివాళ్ల పాత మతానికీ క్రైస్తవానికీ పోలికలేమిటని పోయిన నెల అడిగాను కదా, జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. మొన్న మా ఆఫీసులోని ఇగ్బో మిత్రుడి ఇంటికి వెళ్లాను. వాళ్ల నాన్నగారు అతిథులకిచ్చే కోలా గింజ అరచేతిలో పట్టుకుని, ఇగ్బోల పరమదైవం చుక్వును ప్రార్థించి, "యేసు నామంలో" అని ముగించి విరిచారు. నాలుగు బద్దలొచ్చాయి. ఇగ్బోల వారంలోని నాలుగు సంత రోజులకు గుర్తట, ఆయన ముఖం వెలిగిపోయింది!

చుక్వు అంటే 'మహా చి'. 'చి' అంటే మనిషి మనిషికీ ఉండే సొంత దైవశక్తి; దాన్ని కావలి దూతతో పోల్చినవారి మాట సబబుగానే తోచింది.

ఎక్వెన్సు సంగతే బాధ కలిగించింది. పాత నమ్మకంలో యుద్ధంతో, మాయోపాయాలతో ముడిపడ్డ శక్తి. 1857లో ఇగ్బోల పట్టణం ఒనిత్షాకి మిషనరీలు వచ్చాక, సైతానుకు ఆ పేరే వాడుకలోకి తెచ్చారు. నా ప్రశ్నలో నేనూ ఎక్వెన్సును సైతాను అనే రాశాను. తప్పే, దిద్దేశాను.