నేరెళ్ల వేణుమాధవ్ గారి పాత క్యాసెట్‌కు బూజు పట్టింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. మొన్న బీరువా సర్దుతుంటే, మా బాపు ఎప్పుడో ఒక కాలేజీ ఫంక్షన్‌లో రికార్డు చేసుకున్న క్యాసెట్ దొరికింది. వేణుమాధవ్ గారి మిమిక్రీ. లేబుల్ మీద బాపు చేతిరాతతో ‘నాగయ్య, ఎస్వీఆర్’ అని ఉంది. ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చిన మనిషి, 2001లో పద్మశ్రీ. మా బాపుకు మాత్రం ‘మన మట్టెవాడ ఆయన’, అంతే. 2018 జూన్‌లో ఆయన పోయిన రోజు బాపు సరిగ్గా అన్నం కూడా తినలేదు.

టేపు మీద తెల్లటి బూజు చుక్కలున్నాయి. పెన్సిల్ పెట్టి తిప్పితే సగం దాకా వచ్చి బిగుసుకుపోతోంది. టేపు వెనకాల ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడి చేతిలోకొచ్చింది. షాపతను ‘పారేయండి, యూట్యూబ్‌లో ఉంటాయి కదా’ అన్నాడు. ఉంటాయి, నిజమే. వాటిలో మా బాపు నవ్వు ఉండదు కదా!

ఇలాంటి టేపును ప్లేయర్‌లో పెట్టొచ్చా? రీలు తీసి వేరే క్యాసెట్‌లోకి మార్చడం ఇంట్లో అయ్యే పనేనా? హనుమకొండ, కాజీపేట వైపు జాగ్రత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లుంటే చెప్పండి. హైదరాబాద్ అయినా నేనే పట్టుకొస్తాను, కొరియర్ మాత్రం చేయను.