సమస్యాపూరణం: జ్ఞానదంతముఁ దీసిన జ్ఞాని యయ్యె

సమస్య (తేటగీతి పాదం):
జ్ఞానదంతముఁ దీసిన జ్ఞాని యయ్యె

నిర్వాహకుడు: అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలలో మన సభ్యులొకరు ఈ మధ్యనే కింది దవడ జ్ఞానదంతం తీయించుకున్నారని తెలిసి, ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించమని ఇస్తున్నాను. 17 నుంచి 25 ఏళ్ల మధ్య మొలిచే ఆ పన్ను పోయిన చోట జ్ఞానం ఎలా వచ్చిందన్నదే చిక్కు. గణాలు, యతులు కుదిరితే చాలదు. పూరణలోని విషయం దంతవైద్యులు చదివినా ఒప్పుకొనేలా ఉండాలని నా మనవి.

మలక్‌పేట సభ్యుడు:
వాచు బుగ్గలో నొక్క లవంగ మదిమి
నొప్పి నోర్చుచు నుండెను నొచ్చి నొచ్చి;
పటముఁ జూపఁగా నడ్డపుఁ బన్నుఁ గాంచి
జ్ఞానదంతముఁ దీసిన జ్ఞాని యయ్యె.

నల్లకుంట సభ్యుడు: మీ పూరణ బాగున్నది, అభినందనలు. లవంగాన్ని యతిస్థానంలో విరిచిన తీరు నాకు ఎంతో నచ్చింది. అయితే ‘నొచ్చి నొచ్చి’ పాదం నింపడానికే వచ్చినట్లుంది. పైగా పటం (ఎక్స్‌రే) చూపినవారెవరో పద్యంలో ఎక్కడా లేదు. రెండవ పాదాన్ని ‘నొప్పి నోర్చెను, వైద్యుండు నొచ్చి తుదకు’ అని సవరిస్తే ఆ రెండు లోపాలూ తీరుతాయి.

దంతవైద్యురాలు (సికింద్రాబాదు): విషయం సరిగానే ఉంది. లవంగంలోని యూజెనాల్ కాసేపు తిమ్మిరి కలిగించి నొప్పిని మరపిస్తుంది గాని, ముందు పంటికి అడ్డంగా పడుకొని ఎముకలో ఇరుక్కున్న పన్నును అది కదిలించలేదు. రెండు దవడలనూ ఒకే పటంలో చూపే ఓపీజీ ఎక్స్‌రే తీస్తేనే ఆ పన్ను వాలు తెలుస్తుంది.

తార్నాక సభ్యురాలు:
చక్కఁగా మొల్చి నొప్పించు జాడ లేని
పన్నుఁ బెఱుకంగ వైద్యుండు ఫలము గనునె?
కాసు లాశించి యక్కరఁ గానకుండ
జ్ఞానదంతముఁ దీసినజ్ఞాని యయ్యె.

నల్లకుంట సభ్యుడు: అమ్మా, సమస్యను తలకిందులు చేశారు! ‘తీసిన, అజ్ఞాని’ అన్న విరుపు సాహసమే అయినా ఛందస్సుకు లొంగింది. ‘దీసిన’ మామూలుగా భగణం (గురువు, రెండు లఘువులు). మీ విరుపులో నకారం గురువై అది రగణం (గురువు, లఘువు, గురువు) అయింది. రెండూ ఇంద్రగణాలే కనుక గణభంగం లేదు, యతి స్థానంలో ‘జ్ఞా’ చెక్కుచెదరలేదు. సంధి విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. ‘తీసినన్’ అని చేదర్థంలో (‘తీస్తే’ అని) తీసుకుంటే ద్రుతం (చివరి నకారం) అడ్డుపడి ‘తీసిన నజ్ఞాని’ అవుతుంది, పాదం చెడుతుంది. ‘తీసినట్టి అజ్ఞాని’ అని విశేషణంగా చదివితే అత్వసంధి బహుళం (జరగవచ్చు, జరగకపోవచ్చు) కాబట్టి నిలుస్తుంది. మీ అన్వయం ఆ రెండవదే అని నేను గ్రహిస్తున్నాను.

దంతవైద్యురాలు: ‘కాసు లాశించి’ అన్న మాట మా వృత్తిలో ఉన్నవారికి నొప్పి కలిగించేదే అయినా, పద్యంలోని నియమాన్ని కాదనలేను. మాటిమాటికీ చిగురు వాచి చీము పట్టడం, పుచ్చు, తిత్తి (సిస్ట్), పక్క పంటికి హాని వంటి కారణాలు ఉంటేనే ఈ పన్ను తీయాలి. వ్యాధి లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీసే అలవాటు మానుకోవాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ (NICE) సంస్థ 2000లోనే మార్గదర్శకం ఇచ్చింది.

టోలీచౌకి సభ్యుడు:
ఉమ్మ కొక గంట దూదిని నుంచి నోటఁ
జాయి యిష్టమైనను మాని చల్లఁ ద్రాగి
పొగను విడనాడి బిరియాని పొంతఁ బోక
జ్ఞానదంతముఁ దీసిన జ్ఞాని యయ్యె.

నల్లకుంట సభ్యుడు: ఊరి రుచి పద్యానికి పట్టింది. కాని ఈ నియమాలన్నీ పన్ను తీసిన తరువాత పాటించేవి. మీ వాక్యక్రమంలో అవన్నీ ‘తీసిన’ అన్న మాటకు ముందే జరిగిపోయాయి. మరొకసారి ప్రయత్నించండి.

దంతవైద్యురాలు: అన్వయం మాట అలా ఉంచితే, వైద్యపరంగా ఇది చాలా ఉపయోగకరమైన పూరణ. పన్ను ఊడిన గుంటలో రక్తం గడ్డకట్టి, అడుగున బయటపడిన ఎముకను కప్పుతుంది. గట్టిగా ఉమ్మినా, గొట్టంతో పీల్చినా, పొగ తాగినా ఆ గడ్డ జారిపోయి, రెండు మూడు రోజుల్లో చెవి దాకా పాకే నొప్పి మొదలవుతుంది. దానినే డ్రై సాకెట్ అంటాం. చల్లను కూడా గ్లాసుతోనే తాగాలి. ఉప్పునీటి పుక్కిలింత మరునాటి నుంచి మొదలుపెట్టవచ్చు.

నా పూరణను కూడా పరిశీలించ ప్రార్థన:
మత్తుసూదితో నొప్పిని మాన్పి, దవడ
క్రింది నరమున కొకయింత కీడు లేక
చిగురు విడఁదీసి రెండుగాఁ జీల్చి తుదకు
జ్ఞానదంతముఁ దీసిన జ్ఞాని యయ్యె.

నల్లకుంట సభ్యుడు: పన్ను తీసినవారికే జ్ఞానిత్వం కట్టబెట్టిన పూరణ ఇదొక్కటే, ధార కూడా హాయిగా సాగింది. ఒక్క సందేహం: ఆ నరం దవడకు కిందుగా ఉంటుందా, దవడ ఎముక లోపలా?

దంతవైద్యురాలు: ఎముక లోపలి కాలువలోనే ఉంటుందండీ. దానికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కిపోతాయి. అందుకే పంటి వేళ్లు ఆ కాలువకు ఎంత దగ్గరగా ఉన్నాయో ముందుగా పటంలో చూసుకుంటాం.

నల్లకుంట సభ్యుడు: అలాగైతే ‘నొప్పిని మాన్పి, యెముక / లోని నరమున కొకయింత లోటు లేక’ అని మార్చండి. యతి చెడదు, నరం కూడా తన చోట తాను ఉంటుంది.

దంతవైద్యురాలు: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను, ధన్యవాదాలు.