పెరట్లో హెల్లెబొరిన్ ఆర్కిడ్: పీకాలా, ఉంచాలా?

పెరటిపిచ్చి (మాడిసన్, విస్కాన్సిన్):
నీడలో ఆకుల అందం కోసం పెంచే హోస్టా మొక్కల మధ్య ఏదో మొలిచింది. ఆకుల మీద నిలువు చారలు, మోకాలెత్తు కాడ, ఆకుపచ్చలో ఊదా కలిసిన చిన్న పూలు. ఫోటో చూసినవాళ్లు ఎపిపాక్టిస్ హెల్లెబొరిన్ అన్నారు. ఆర్కిడ్ అనగానే మా ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు. పక్కింటాయనేమో పీకెయ్యమంటాడు. ఎవరి మాట వినను?

కలుపుతీసే అక్క:
పక్కింటాయనదే. విస్కాన్సిన్‌లో అది ఆంక్షలున్న మొక్క. మీ పెరట్లో ఉంటే తప్పు లేదు, ఇంకొకరికి మాత్రం ఇవ్వకూడదు. యూరప్, ఆసియా అడవులది. ఉత్తర అమెరికాలో 1879లో న్యూయార్క్ రాష్ట్రం సైరక్యూస్ దగ్గర బయటపడింది. ఇప్పుడు బ్రిటిష్ కొలంబియా దాకా పాకింది.

గ్లాస్గోవాసి:
అయ్యో, పీకడమేంటండీ! మా ఊళ్లో పార్కుల్లో, రోడ్ల పక్కన ఇదే పూస్తే జనం వెతుక్కుంటూ వెళ్తారు. బ్రిటన్‌లో 1981 చట్టం ప్రకారం స్థలం యజమాని ఒప్పుకోనిదే ఏ అడవి మొక్కనీ వేళ్లతో పీకకూడదు. దీని తెలివి చూడండి: దీని పువ్వు, గొంగళిపురుగు కొరికిన ఆకులాంటి వాసన వదులుతుంది. పురుగు దొరుకుతుందని కందిరీగ వచ్చి, తేనె తాగి, పుప్పొడి నెత్తిన పెట్టుకుని పోతుంది.

సందేహాలరావు:
అక్కా, హోస్టా మాత్రం విస్కాన్సిన్‌లో పుట్టిందా? అదీ జపాన్ వైపు నుంచి వచ్చిందే. దానికి వీసా ఎవరిచ్చారు?

కలుపుతీసే అక్క:
మంచి ప్రశ్నే తమ్ముడూ. కానీ హోస్టా చాలావరకు నాటినచోటే ఉంటుంది. దీని గింజ ధూళి, గాలికి ఎంత దూరమైనా పోతుంది. ఆర్కిడ్ గింజ మొలవాలంటే నేలలో శిలీంధ్రం తోడుండాలి. చాలా ఆర్కిడ్లకు ఫలానా శిలీంధ్రమే కావాలి, ఇది రకరకాల వాటితో సర్దుకుపోతుంది. అందుకే ఇక్కడి లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్ నాటినా బతకనిచోట ఇది పిలవకుండా మొలుస్తుంది.

సందేహాలరావు:
సర్దుకుపోవడం నేరమా? అది మొలవడం వల్ల ఫలానా మొక్క పోయిందని ఎవరైనా చూపించారా? పెరిగేవన్నీ ఆక్రమణే అంటే మనమూ పీకించుకోవాలి.

కలుపుతీసే అక్క:
పోయాక చూపిస్తే ఏం లాభం? నేను కలుపు తీసే అడవిలో ఏటికేడు జాగా పెంచుకుంటోంది. ఇంతకంటే ఏం చూపించమంటావు?

గ్లాస్గోవాసి:
అక్క చెప్పిన అడవి సంగతి వేరు, ఒప్పుకుంటా. నాలుగు హోస్టాల మధ్య ఒక కాడ కోసం ఇంత రభస మాత్రం నాకెక్కదు.

పెరటిపిచ్చి:
మా కంచె అవతల అడవే మరి. లాగి చూశాను, కాడ చేతికొచ్చింది, దుంప లోపలే ఉండిపోయింది.

కలుపుతీసే అక్క:
లాగితే అంతే, వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. ఒక్కోసారి శిలీంధ్రం పెట్టే తిండితో ఏడాదంతా నేలలోనే ఉండి ఆ పైన లేస్తుంది. చుట్టూ లోతుగా తవ్వి దుంప మొత్తం తీయాలి. మీ ఆవిడ ఒప్పుకోకపోతే పూలు చూడనివ్వండి, కాయ ముదరకముందే కాడ కోసెయ్యండి. కోసింది కంపోస్టులో వెయ్యకండి, సంచిలో కట్టి చెత్తలో పడెయ్యండి.

సందేహాలరావు:
నేనైతే ఉంచేస్తాను.