పురిటి రోజుల్లో బిడ్డకు ఫొటోలు తీయించవచ్చా, బారసాల వరకు ఆగాలా?

పలాస ఆడపడుచు

అందరికీ నమస్కారం. మా పెద్దపాప 2018 అక్టోబరులో పుట్టింది. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన నాలుగో రోజు అది. ఆస్పత్రి జనరేటరు మీద నడుస్తోంది. జీడితోటలు, కొబ్బరిచెట్లు నేలకొరిగి ఉన్నాయి, ఫోన్లలో ఛార్జింగ్ లేదు. మా ఇంటికి కరెంటు వచ్చేసరికి పాపకు పదిహేను రోజులు నిండాయి. దాని మొదటి ఫొటో ఇరవై ఒకటో రోజున, బారసాలలో తీసినదే. అప్పటికే ముఖం విచ్చుకుంది. పుట్టినప్పుడు మడతపడి ఉన్న ఎడమ చెవి, భుజాల మీది నూగు నేనూ మా అమ్మా మాత్రమే చూశాం. గత ఏడాది అమ్మ కన్నుమూసింది. ఇక ఆ ముఖం నా ఒక్కదాని జ్ఞాపకం.

ఇప్పుడు శ్రీకాకుళంలో అత్తవారింట ఉన్నాను. డిసెంబరు మొదటి వారంలో రెండో కాన్పు. ఒక స్టూడియో వారిని అడిగితే ఐదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తీసుకురమ్మన్నారు. మూడు గంటలు పడుతుందట. బుట్టలో పడుకోబెట్టినవి, బిడ్డ తన చేతుల మీద గడ్డం ఆనించుకున్నట్టు ఉన్నవి నమూనాలుగా చూపించారు. అత్తయ్య మాత్రం బారసాల కాకుండా బిడ్డను గడప దాటించవద్దంటున్నారు. ఆవిడ మాట తీసిపారేయాలని నాకు లేదు. కానీ ఈసారి కూడా ఆ రోజులు చేజారితే తట్టుకోలేను. మీరైతే ఏం చేస్తారు?

రాజాం అమ్మమ్మ

నేను మీ అత్తగారి వైపే తల్లీ. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా పెద్దవాళ్లు అనేవారు, అది నేను ఏనాడూ నమ్మలేదు. పురిటిగది సంగతి వేరు. వచ్చినవారల్లా బిడ్డను ఎత్తుకోకుండా మైల పేరు చెప్పి ఆపేవారు. పేరు ఏదైతేనేం, బిడ్డ చేతులు మారకుండా ఉండేది.

ఇంతకీ మీరందరూ బిడ్డ గురించే ఆలోచిస్తారు, బాలింత గురించి ఎవరూ అడగరు. మా రెండో కోడలిని ఆపరేషను అయిన తొమ్మిదో రోజున స్టూడియోకు తీసుకువెళ్లారు. రెండంతస్తులు మెట్లెక్కాలి. వీపు ఆనించుకోవడానికి లేని కుర్చీ. మూడు గంటలన్నది ఐదు గంటలయింది. ఇంటికి వచ్చి కుట్ల మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది. ఫొటోలు చాలా అందంగా వచ్చాయి, హాలులో గోడకు ఉన్నాయి. ఆ పిల్ల వాటి వైపు చూడదు.

శ్రీకాకుళం ఫొటోగ్రాఫరు

నేను ఈ పనే చేస్తాను కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి. పద్నాలుగు రోజుల లోపు అనడం వ్యాపారం కోసం కాదు. కడుపులో ముడుచుకున్న తీరు ఆ రెండు వారాల వరకే ఒంట్లో ఉంటుంది, నిద్ర కూడా గాఢంగా ఉంటుంది. మూడో వారం దాటితే కాళ్లు చాపుతారు, ముఖం మీద చిన్న చిన్న పొక్కులు వస్తాయి, సాయంత్రం ఏడుపులు మొదలవుతాయి. బారసాల నాటికి ముఖం విచ్చుకుంటుందని ఈమె రాసింది అక్షరాలా నిజం.

గడ్డం కింద చేతులున్న ఆ ఫొటో గురించి మాత్రం అందరూ తెలుసుకోవాలి. అది ఒక్క ఫొటో కాదు. ఒకసారి తలను చేత్తో పట్టుకుని, ఇంకోసారి మణికట్లను పట్టుకుని తీసి, రెండింటినీ కంప్యూటర్లో కలుపుతారు. పట్టుకున్న చెయ్యి చివరికి కనిపించదు. బిడ్డ నిజంగా తన చేతుల మీద తల నిలబెట్టుకుందని నమ్మి ఇంట్లో అలా కూర్చోబెట్టే ప్రయత్నం చేసినవారిని చూశాను. దయచేసి చేయకండి. ఫొటోగ్రాఫరు ఎవరైనా సరే, బిడ్డ పక్కన ఎవరు చెయ్యి వేసి ఉంటారని ముందే అడగండి. తడుముకుంటే ఇంకొకరిని చూసుకోండి.

ఒకరు తాతగారి బుడితి ఇత్తడి గంగాళంలో పడుకోబెట్టి తీయమన్నారు. చలికాలంలో లోహం ఎంత చల్లగా ఉంటుంది! నేను తీయలేదు. గది ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీలుండాలి, ఫ్యాను ఆపాలి, నాకు చెమట పట్టాలి. వచ్చేముందు బిడ్డకు వదులు బట్టలు వేయండి, లేకపోతే నడుము పట్టీ గుర్తు గంటసేపు పోదు. సగం సమయం పాలకూ గుడ్డలు మార్చడానికీ పోతుంది. అందుకే మూడు గంటలంటాం.

విజయనగరం నర్సు

ఫొటోగ్రాఫరు గారు నిజాయితీగా రాశారు, సంతోషం. కానీ మీరు మెచ్చుకునే ఆ గాఢనిద్రే నన్ను భయపెడుతుంది. కామెర్లు సాధారణంగా మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువవుతాయి. అవి ముదిరిన బిడ్డ మందకొడిగా ఉంటుంది, పాలకు లేవదు, ఎలా తిప్పినా పలకదు. ఫొటో తీసేవారికి అది బుద్ధిమంతురాలైన పాప. మాకు అది వెంటనే డాక్టరుకు చూపించాల్సిన బిడ్డ. పసుపుపచ్చ బల్బుల వెలుగులో ఒంటి రంగు తెలియదు. పగటి వెలుగులో చూడండి, పాలు తాగుతోందో లేదో చూడండి, ఆ తర్వాతే కెమెరా.

బుట్టలు, వేలాడదీసిన గుడ్డలు వద్దేవద్దు. మెడ నిలవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. గడ్డం ఛాతీకి ఆనుకుపోతే ఊపిరి ఆడదు, తల ఎత్తుకునే బలం బిడ్డకు ఉండదు. నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోల లోపు ఉన్నా బట్టలు విప్పి తీసే ఫొటోల ఊసే ఎత్తకండి. దగ్గు, జలుబు ఉన్నవారు గదిలోకి రాకూడదు. కోరింత దగ్గుకు మొదటి టీకా ఆరో వారంలో వేస్తారు, అంతవరకు బిడ్డకు రక్షణ మన జాగ్రత్తే. బొడ్డు ఊడేవరకు పొడిగా వదిలేయండి, ఫొటోలో కనిపిస్తుందని ఏదీ పూయవద్దు. కంటికి కాటుక కూడా వద్దు, చాలా కాటుకల్లో సీసం ఉంటుంది. ఫ్లాష్ వల్ల చూపు పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు, ఉలిక్కిపడతారంతే.

అమ్మమ్మగారూ, కుట్ల గురించి మీరు రాసింది మా వార్డులో గోడకు అంటించాలనిపించింది.

చీపురుపల్లి నాన్న

మేము ఎవరినీ పిలవలేదు. తూర్పు కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టి, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, రోజూ స్నానం తర్వాత పది నిమిషాలు ఫోనుతో నేనే తీశాను. వెలుగు తల వైపు నుంచి పడాలి, గడ్డం కింది నుంచి పడితే ముఖం వింతగా కనిపిస్తుంది. అన్నిటిలోకీ మంచి ఫొటో మా అమ్మ బొటనవేలిని బాబు పట్టుకున్నది. దానివల్లే చెయ్యి ఎంత చిన్నదో తెలుస్తోంది.

శ్రీకాకుళం ఫొటోగ్రాఫరు

బాగుంది, కానీ వాటిలో ఎన్ని ప్రింటు వేయించారు? ఫోను పాడైపోయి పిల్లల ఫొటోలు తెచ్చిపెట్టమని నెలకు ఒకరైనా నా దగ్గరికి వస్తారు. చాలాసార్లు ఉత్త చేతులతో పంపాల్సి వస్తుంది. బుట్ట గురించి మేడమ్ చెప్పింది ఒప్పుకుంటున్నాను, వెల్లకిలా పడుకోబెట్టి మాత్రమే తీస్తాను. రెండు వారాల లోపు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రాజాం అమ్మమ్మ

ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, బిడ్డను ముట్టకుండా తీస్తే నాకు అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం బాలింత నిద్ర. ఆమె పడుకుని ఉంటే లేపకూడదు, ఫొటోగ్రాఫరు వీధిలో కూర్చోవాల్సి వచ్చినా సరే.

పలాస ఆడపడుచు

రాసినవన్నీ అత్తయ్యకు చదివి వినిపించాను. నర్సు గారి మాటల దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. స్టూడియో మానుకున్నాం. పుట్టిన రోజు నుంచి కిటికీ దగ్గర మా ఆయన తీస్తారు, నెలాఖరుకు ప్రింటు వేయిస్తారు. పదకొండో రోజు పురిటిస్నానం అయ్యాక, డాక్టరు బిడ్డ బాగుందంటేనే, ఒక ఫొటోగ్రాఫరు ఇంటికి వస్తారు. గంటసేపే. బిడ్డను అత్తయ్యే పట్టుకుంటారు, ఆ షరతు ఆవిడదే.

నిన్న ఆవిడ పెట్టె తెరిచి మామయ్యగారి పాత పొందూరు పంచె తీశారు. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. చింపి పొత్తిళ్లకు నాలుగు ముక్కలు చేశారు. ఇప్పుడు దండెం మీద ఆరుతున్నాయి. చెవులు మాత్రం కప్పకుండా చుట్టమని అడిగాను.