రాత్రి నడకకు తోటి అమ్మాయిలను ఎలా కూడగట్టాలి?

మా అమ్మాయిల హాస్టల్ గేటుకు రాత్రి ఎనిమిదింటికే తాళం పడుతుంది, అబ్బాయిలకు లేదు. అడిగితే "మీ భద్రత కోసమే" అంటారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో వరుస హత్యలు జరుగుతుంటే ఆడవాళ్లనే ఇంట్లో ఉండమన్నారు. దానికి నిరసనగా 1977 నవంబర్ 12 రాత్రి ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి నడిచారు. క్యాంపస్‌లో మేమూ అలా నడవాలనుకుంటున్నాం.

మొన్న ఆరుగురం గ్రౌండ్ మెట్ల మీద ఊరికే కూర్చున్నాం. చీకటి పడేకొద్దీ ఒక్కొక్కరే బ్యాగు సర్దుకుని లేచారు. చివరికి ఇద్దరమే మిగిలాం. ఎవరూ ఏమీ అనలేదు, అయినా నా గుండె దడదడలాడింది. వెళ్లినవాళ్లది పిరికితనం కాదు. ఇంటికి ఫోన్ వెళ్తే చదువు మాన్పిస్తారేమోనని టెన్షన్.

ఇలాంటివి చేసినవాళ్లు దయచేసి చెప్పండి. అనుమతి ముందే అడగాలా? అడిగితే ఆపేస్తారేమో. భయపడుతున్న తోటి అమ్మాయిలను ఇబ్బందుల్లో పడేయకుండా ఎలా కలుపుకోవాలి?