ఫ్రెడ్ రోజర్స్‌ను స్మరించేటప్పుడు క్లెమన్స్ విషయం చెప్పాలా, వద్దా?

నల్లబల్ల (చర్చ ప్రారంభం):

అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో 1968 నుంచి 2001 వరకు ‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’ కార్యక్రమంతో పసిపిల్లలకు ఆప్తుడైన ఫ్రెడ్ రోజర్స్ 2003 ఫిబ్రవరి 27న పిట్స్‌బర్గ్‌లో కడుపు క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఏటా ఆ తేదీకి వచ్చే నివాళులు దాదాపు ఒకే మూసలో ఉంటాయి: తల్లి అల్లిన స్వెటరు, మెత్తని మాట, 1969లో ఆయన ఆ కార్యక్రమంలోనే పోలీసు పాత్ర వేసే నల్లజాతి గాయకుడు ఫ్రాన్స్వా క్లెమన్స్‌తో ఒకే నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న దృశ్యం. అదే క్లెమన్స్ గే అని తెలిసినప్పుడు, ఆ సంగతి బయటికి పొక్కితే కార్యక్రమంలో కొనసాగడం కుదరదని రోజర్స్ ఆయనకు చెప్పిన విషయం మాత్రం ఆ నివాళుల్లో అరుదుగా కనిపిస్తుంది. ఇది ఎవరో పుట్టించిన వదంతి కాదు. క్లెమన్స్ స్వయంగా ఇంటర్వ్యూల్లోనూ, 2020లో వెలువడిన తన ఆత్మకథలోనూ చెప్పుకున్నదే. నివాళిలో ఈ మాటకు చోటుండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పెన్‌హిల్స్ అమ్మమ్మ:

నల్లబల్ల గారూ, మీతో నేను ఏకీభవించలేను. మేము పిట్స్‌బర్గ్ వచ్చిన కొత్తలో, పెన్‌హిల్స్ వేంకటేశ్వరుని గుడి ఇంకా కడుతున్న రోజుల్లో, బయట ఎవరి దగ్గరా నోరు విప్పని మా పెద్దవాడు టీవీలోని ఆ మనిషికి తెలుగులో జవాబులు చెప్పేవాడు. ఆయన ఒక ప్రశ్న అడిగి, పిల్లవాడు ఆలోచించుకొని జవాబు చెప్పేంతసేపు నిజంగానే ఆగేవారు. అటువంటి ఓపిక ఆ పెట్టెలో మరెవరికీ ఉండగా నేను చూడలేదు.

ఇక మీరు లేవనెత్తిన విషయం. 1968 నాటికి ఒక్క ఇలినాయ్ తప్ప అమెరికా రాష్ట్రాలన్నిటిలోనూ స్వలింగ సంబంధం నేరమే; మా పెన్సిల్వేనియాలో ఆ చట్టాన్ని కోర్టు కొట్టివేసింది 1980లో. దాతల సొమ్ముతో, ప్రభుత్వ నిధులతో నడిచే పిల్లల కార్యక్రమం ఆ వార్తను తట్టుకొని నిలబడేదా? ఆయన క్లెమన్స్‌ను పనిలోంచి తీసెయ్యలేదు, గుట్టుగా ఉండమన్నారు, అంతే. ఆ కాలాన్ని పక్కన పెట్టి, ఈనాటి కొలతతో పోయిన మనిషిని కొలవడం న్యాయం కాదు.

గోదారిగట్టు:

అమ్మమ్మ గారు చెప్పిన చట్టం సంగతి ముమ్మాటికీ నిజం. అయితే అది రోజర్స్ అలా ఎందుకు చేశారో వివరించడానికి పనికొస్తుంది గాని, చేసిందాన్ని దాచడానికి పనికిరాదు.

1970లో ప్రసారమైన ఒక భాగాన్ని గుర్తు చేస్తాను. చేపలకు మేత వెయ్యబోయిన రోజర్స్‌కు తొట్టి అడుగున ఒక చేప కదలకుండా కనిపిస్తుంది. దాన్ని వలతో తీసి ఉప్పు నీళ్లలో వేసి, ఏమైనా చలనం వస్తుందేమోనని చూస్తారు. రాదు. అప్పుడు దాన్ని కాగితంలో చుట్టి, పెరట్లో గొయ్యి తీసి పాతిపెడతారు. ఆ మీదట చిన్నప్పుడు చనిపోయిన తమ కుక్క మిట్సీ గురించి, తాను ఏడుస్తుంటే నాయనమ్మో అమ్మమ్మో వచ్చి భుజం మీద చెయ్యి వేసిన సంగతి గురించి చెబుతారు. చేప నిద్రపోయిందనీ, దేవుడి దగ్గరికి వెళ్లిందనీ చెప్పి తప్పించుకోలేదు. ప్రెస్బిటీరియన్ చర్చిలో దీక్ష పొందిన పాస్టరు అయి ఉండీ చెప్పలేదు! పసివాళ్లకు చావునే ఉన్నదున్నట్టు చూపించిన మనిషిని పెద్దవాళ్లమైన మనం వడపోసి స్మరించుకోవడం నాకు విడ్డూరంగా ఉంది.

పైగా ఆయన భార్య జోన్ రోజర్స్ కూడా ఆయనను సాధువుగా నిలబెట్టవద్దనే కోరేవారు. అలా చేస్తే ఆయన ఎంత కష్టపడ్డారో జనానికి తెలియకుండా పోతుందని ఆమె బాధ. ఆ కష్టం చిన్నది కాదు. మార్గరెట్ మెక్‌ఫార్లండ్ అనే బాలల మనస్తత్వ నిపుణురాలితో ఏళ్ల తరబడి స్క్రిప్టులు చర్చించుకునేవారు. చేపలు ఆకలితో ఉన్నాయేమోనని చూపు లేని ఒక పాప బెంగపడుతోందని ఉత్తరం వస్తే, అప్పటి నుంచి మేత వేస్తున్నానని పైకి చెబుతూ వేసేవారు. ఇవేవీ పుట్టుకతో వచ్చిన పుణ్యాలు కావు, పట్టి నేర్చుకున్న పనులు. (ఆయన ఒకప్పుడు సైన్యంలో స్నైపరనీ, పచ్చబొట్లు దాచడానికే స్వెటరు వేసుకునేవారనీ కొందరు ఇంకా ప్రచారం చేస్తున్నారు. ఆయన సైన్యంలో చేరనే లేదు.)

పెన్‌హిల్స్ అమ్మమ్మ:

చేప సంగతి బాగా చెప్పారు, కాని మీరే చెప్పారు చూడండి, ఆ మాట చెప్పేటప్పుడు భుజం మీద ఒక చెయ్యి ఉంది. ఇంటర్నెట్‌లో నిజాలు బయటపెట్టేవాళ్ల దగ్గర నాకు ఆ చెయ్యి కనిపించడం లేదు. క్లెమన్స్ ఆయనను తండ్రిలా ప్రేమించానని ఎన్నోసార్లు చెప్పారు, క్షమించానన్నారు. పడిన మనిషే మోయని ఫిర్యాదును మనమెందుకు మోయాలి?

నల్లబల్ల:

అమ్మమ్మ గారూ, క్షమించడం క్లెమన్స్ హక్కు, అది ఆయన వాడుకున్నారు. కాని ఆయన క్షమించి ఊరుకోలేదు, జరిగింది పుస్తకంగా రాశారు కూడా. పెళ్లి చేసుకొంటే మంచిదన్న సలహా వచ్చిందనీ, చేసుకున్న పెళ్లి నిలవలేదనీ ఆయన చెప్పుకున్నారు. ఆయన ప్రేమను మాత్రం ఉంచుకొని, ఆయన చెల్లించిన వెలను వదిలేస్తే మనం ఆయన మాటను సగమే విన్నట్టు.

ఇద్దరూ కాళ్లు పెట్టుకున్న ఆ తొట్టి దృశ్యానికి అంత విలువ ఎందుకు వచ్చిందో కూడా చూడండి. 1964లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో నల్లవారు దిగిన ఈతకొలనులో హోటల్ నడిపే వ్యక్తి ఆసిడ్ పోశాడు. అటువంటి దేశంలో రోజర్స్ క్లెమన్స్‌ను తన తొట్టిలో కాళ్లు పెట్టుకోమని పిలిచి, తువ్వాలు తెచ్చుకోలేదంటే తనదే వాడుకోమన్నారు. 1993లో అదే దృశ్యాన్ని మళ్లీ చేసినప్పుడు తానే ఆయన పాదాలు తుడిచారు. ఆ ధైర్యం తక్కువదని నేను ఎక్కడా అనలేదు. అదే మనిషిని అదే రోజుల్లో మరో విషయంలో నోరు మూసుకొని ఉండమనవలసి రావడం ఆ దృశ్యంలో భాగమేనని మాత్రమే అంటున్నాను.

పెన్‌హిల్స్ అమ్మమ్మ:

అలాగైతే రాయండి. నివాళిలో మొదటి వాక్యంగా మాత్రం వద్దు.

నల్లబల్ల:

మొదటి వాక్యం కానక్కర్లేదు. తొట్టి గురించి రాసే పేరాలో ఉంటే చాలు. ఆ ఫొటో పెట్టని నివాళిలో అసలు లేకపోయినా నాకు అభ్యంతరం లేదు.