లిక్విడేటర్ ఫీజు, ఖర్చుల లెక్క అడిగే హక్కు వర్కర్లకి ఉందా?

పటాన్‌చెరు_శ్రీను:
నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచ్‌లో లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి బాకీలు తీర్చే దశకి వెళ్లింది, రెండేళ్లు దాటింది, మెషినరీ అమ్మేశారు స్థలం ఇంకా అమ్మలేదు, జీతం బకాయి క్లెయిమ్ అడ్మిట్ చేశారు గానీ చేతికి రూపాయి రాలేదు. ఫోన్ చేస్తే "ఖర్చులు పోగా చూద్దాం" అంటారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఇద్దరే ఉంటారు, బిల్లు మాత్రం ఆరుగురికి పడుతోందని అక్కడి టీ కొట్టాయన అంటాడు (ఎంత నిజమో మరి). ఆ అమ్మకాలు చూసే లిక్విడేటర్ ఎంత తీసుకోవాలో ఎవరు చూస్తారు? లేటయ్యేకొద్దీ ఆయనకే లాభమా?

సీఎస్_లత:
లేటయితే ఫీజు పర్సంటేజీ తగ్గుతుందండి. కమిటీ ఆఫ్ క్రెడిటర్స్ (అప్పులిచ్చినవాళ్ల కమిటీ) ముందే గానీ, లిక్విడేషన్‌లో కన్సల్టేషన్ కమిటీ మొదటి మీటింగ్‌లో గానీ ఫీజు ఫిక్స్ చేసిందేమో కనుక్కోండి, చేయకపోతే లిక్విడేషన్ రూల్స్‌లోని రెగ్యులేషన్ 4 టేబులే. వచ్చిన సొమ్ములో మిగతా లిక్విడేషన్ ఖర్చులు తీసేసి, మొదటి కోటి మీద మొదటి ఆర్నెల్లలో 5 శాతం, తర్వాతి ఆర్నెల్లలో 3.75, ఏడాది దాటితే 1.88. ఆపై 9 కోట్లకి 3.75, 2.80, 1.41. నికరంగా 8 కోట్లు ఆర్నెల్లలోపే వస్తే 31.25 లక్షలు, ఏడాది దాటాక వస్తే 11.75 లక్షలే. అందులో సగం, ఆ డబ్బు పంచాకే తీసుకోవాలి. పంచినదాని మీద ఇంకో పర్సంటేజీ ఉంది, ఇందులో దాదాపు సగం.

లెక్కలమాస్టారు:
మేడమ్ చెప్పింది కరెక్టే కానీ గండి పడేది ఖర్చుల్లో. సెక్యూరిటీ, లాయర్లు, వాల్యుయేషన్ ఇవన్నీ దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 53 ప్రకారం ముందే పోతాయి, ఆ తర్వాతే వర్కర్ల 24 నెలల బకాయి, అది కూడా బ్యాంకులతో సమానంగా. టీ కొట్టు మాట ట్రిబ్యునల్‌లో నిలబడదు శ్రీను గారూ, కాగితం కావాలి. లిక్విడేటర్ మూడు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్ట్ వేయాలి, రాతపూర్వకంగా అడిగి, కాపీల ఖర్చు కట్టి, గోప్యంగా ఉంచుతామని రాసిస్తే మీకూ ఇవ్వాలి. ఇవ్వకపోయినా, అందులో లెక్క తేడాగా కనిపించినా సెక్షన్ 60(5) కింద ట్రిబ్యునల్‌లో అప్లికేషన్ వేయొచ్చు. ఫీజు మీద ట్రిబ్యునల్ కూడా నోటికొచ్చిన అంకె వేయడానికి లేదు, 2022లో దేవరాజన్ రామన్ కేసులో కారణాలు రాయకుండా ఫీజు 5 లక్షలని తేల్చేస్తే సుప్రీంకోర్టు కొట్టేసి మళ్లీ వినమంది. అది రిజల్యూషన్ ప్రొఫెషనల్ (లిక్విడేషన్‌కి ముందు దశ నడిపే ఆయన) కేసు, పైగా అప్పీల్‌కి వెళ్లింది ఫీజు చాలదన్న ఆయనే, అయినా కారణాలు రాయాలన్న మాట మీకూ పనికొస్తుంది.

మిల్లు_రమణ:
అప్లికేషన్ అంటే లాయర్ ఫీజు, వాయిదాలు, అన్నీ ఆలోచించుకో తమ్ముడూ. ఐబీబీఐకి (లిక్విడేటర్ల మీద ఉండే దివాలా బోర్డు) కంప్లైంట్ 2,500 రూపాయలతో అయిపోతుంది, ఊరికే వేసింది కాదని తేలితే అదీ వాపసు. కాకపోతే వాళ్లు లిక్విడేటర్ మీద యాక్షన్ తీసుకుంటారేమో గానీ నాన్నగారి బకాయి ఇప్పించరు. ఇంకోటి, పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్ నుంచి రావాల్సింది లిక్విడేషన్ ఆస్తిలోకి రాదు, సెక్షన్ 36(4). దాన్ని జీతం బకాయితో కలిపి కూర్చోకండి, విడిగా అడగండి.

పటాన్‌చెరు_శ్రీను:
పీఎఫ్ సంగతి మాకెవరూ చెప్పలేదన్నా, థాంక్స్. ముందు రిపోర్టుల కోసం లెటర్ పెడతా. ఇంగ్లీషులోనే రాయాలా?

లెక్కలమాస్టారు:
ఇంగ్లీషులోనే రాయండి. అడ్మిట్ చేసిన క్లెయిమ్ వివరాలు అందులో వేయండి, స్పీడ్ పోస్ట్‌తో పాటు మెయిల్ కూడా కొట్టండి, ఏ క్వార్టర్లవి కావాలో పేరుపెట్టి అడగండి, లేకపోతే లేటెస్ట్‌ది ఒక్కటి పంపి చేతులు దులుపుకుంటారు.